నలభై అడుగుల వణుకు

శామీర్‌పేట దారిలో ఆ గోడకు మళ్ళీ రంగు వేసే సమయం వచ్చిందని మొన్ననే తెలిసింది. ఎండకూ వానకూ నిలబడే బయటి గోడ రంగు ఏడెనిమిదేళ్ళు ఉంటే గొప్ప. ఇప్పుడా పని పట్టిన కుర్రవాళ్ళలో ఒకతను నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కింద ఎర్ర పట్టీ ఉంది చూడు, దాని అంచు మొత్తం వంకర టింకర ఉంది. దారం కొట్టి సీదా చేసేద్దుమా?" అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో ఫోనులో తేలే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మిగతా వాళ్ళు చదివినా మంచిదే.

నేను మేడ్చల్‌లో ఒక రంగుల కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. గోడను చూసి ఎన్ని లీటర్లు పడుతుందో, ఎంతమంది కావాలో చెప్పడం నా పని. చదివింది పదో తరగతి. మిగతాదంతా గోడల దగ్గరే నేర్చుకున్నాను. నడి వయసులోనే మోకాళ్ళు మెట్లెక్కలేమని చెప్పేస్తే పని మానుకున్నాను. నా ఉద్యోగంలో ఎన్నో పెద్ద పెద్ద బిల్డింగులు చూశాను. కాని నిద్రలో కూడా కొలతలతో సహా గుర్తున్నది ఈ ఒక్క గోడే.

చెరువు వైపు ఒక కొత్త అపార్టుమెంటు కట్టారు. రోడ్డు వైపు గోడకు ఒక్క కిటికీ కూడా లేదు. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల ఎత్తు, అంతా బోడి సిమెంటు. దాని మీద పెద్ద చిత్రం వేయించాలని, దాన్ని కట్టిన కంపెనీ సారుకు ముచ్చట పుట్టింది. యాప్రాల్‌లో ఉండే ఒకావిడ దగ్గర బొమ్మ తీసుకున్నాడు. ఆమె బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యారు. మేమంతా టీచరమ్మ అనేవాళ్ళం. అప్పటికే ఆమెకు డెబ్బై దాటాయి, కుడి చెయ్యి వణికేది. మందులు వాడినా వణుకు పెరగడమే తప్ప తగ్గేది కాదని డాక్టరు చెప్పాడట. "ఇదే నా ఆఖరి పెద్ద బొమ్మ. చిన్నగ గీసిచ్చిన. పెద్దగ చేసుడు మీ చేతుల్లున్నది" అని మొదటి రోజే చెప్పింది.

బొమ్మ రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గుడ్డ. దానిమీద మనిషి లేడు, చెట్టు లేదు, పిట్ట లేదు. కింద నాలుగున్నర అంగుళాల మందాన ఒక ఎర్ర పట్టీ. దానిపైన సగం గుడ్డ నిండా ఒక రంగు, ఆకుపచ్చా కాదు, బూడిదా కాదు. ఆ పైన తెలుపు. ఆ తెలుపు మీదుగా ఏటవాలుగా ఒక సన్నటి పసుపు గీత. అంతే. గుడ్డకు గోడ సరిగ్గా ఇరవై రెట్లు. గుడ్డ మీద అంగుళం గోడ మీద ఇరవై అంగుళాలు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా మేస్త్రి గాజులరామారం మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. సీదా గీత గీయడంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. దారానికి నీలం పొడి అద్ది, రెండు కొసలా బిగబట్టి, మధ్యలో వేలితో ఒక్క దెబ్బ కొడితే గోడ మీద వెంట్రుకంత గీత పడేది. దాని పక్కన కుంచె పోనిస్తే అటు చుక్క ఇటు పడేది కాదు. పరంజా కట్టడానికి బద్ధకించి ఎవరైనా కుంచెను పొడుగు వెదురుకు కట్టి అంచు వేయబోతే తిట్లు లంకించుకునేవాడు. "కర్ర పొడుగైతే వణుకు పొడుగైతదిరా. అంచు దగ్గర కర్ర ముట్టుకున్నోడు ఇంటికి పోవచ్చు" అనేవాడు.

రంగులు కలిపేది ఒక అక్క. కీసర దిక్కు ఊరు, అక్కడి చర్చిలో పాటలు పాడేది. మాకు షేడ్ కార్డు ఎంతో ఆమె కన్నూ అంతే. అరవై అడుగుల మీద తాళ్ళకు చెక్క వేలాడదీసుకుని రంగు వేసే తమ్ముడిది శామీర్‌పేటే. వాళ్ళింట్లో తరతరాలుగా చెరువులో చేపలు పట్టేవారు.

బొమ్మను గోడకానించి పెట్టిన రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర దాని అర్థం గురించే మాటలు.

"ఏముంది, సగం పని చేసి ఇడిసిపెట్టినట్టున్నది" అన్నాడు మేస్త్రి. "పసుపుది నమూనా చూసినట్టుంది. తుడుసుడు మర్సిపోయింది."

"నువ్వు చూస్తే అన్నీ నమూనాలే మేస్త్రీ" అంది అక్క. "అది మట్టలాదివారం నాడు చర్చిల చేతుల పట్టుకునే ఈత మట్ట లెక్క కనిపిస్తలేదా? కింద ఎరుపు చూడు, జాజు. పండుగ ముంగట మా అవ్వ ఇంటికి సున్నం గొట్టి, కింద జాజు పట్టీ అలుకుతుండె. అచ్చం గదే రంగు."

జాజు అంటే ఎర్రమన్ను. గడపలకూ గోడల అడుగున పట్టీలకూ పూసేది. ఇప్పుడంటే డబ్బా రంగులొచ్చాయి.

తాళ్ళ తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్కసారి బొమ్మ వైపు చూసి, "చెరువే" అన్నాడు. "ఎండల్ల నీళ్ళు దిగినంక కట్ట మీద నిలవడి చూస్తే గట్లనే ఉంటది. పసుపుది మాత్రం నా తాడు."

అందరం నవ్వాం. నేను మాత్రం కాగితం తీశాను. ఎరుపు ఎనిమిదిలో ఒక వంతు, బూడిదాకుపచ్చ నాలుగు వంతులు, తెలుపు మూడు వంతులకు కొంచెం తక్కువ, ఆ కొంచెమే పసుపు. ఎరుపు నేల, ఆకుపచ్చ నీళ్ళు, తెలుపు ఆకాశం, పసుపు ఎండ అని ఒక్కోదానికీ ఒక్కో అర్థం పెట్టుకున్నాను. టీచరమ్మ వచ్చినప్పుడు పాఠం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పాను.

ఆమె అంతా విన్నది. "మొత్తం కలిపితే ఒకటి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా."

"అయితే ఏదీ పోలేదు, మంచిది" అని నవ్వింది. వెక్కిరింపు కాదు. తర్వాత అక్క జాజు సంగతి చెబితే, ఎర్ర పట్టీ వైపు చాలాసేపు చూసింది. "నేను గీసేటప్పుడు జాజు యాదికి లేదు బిడ్డా. కాని నువ్వన్నంక ఇగ నాకు గూడ అదే కనిపిస్తాంది" అంది.

అది నాకు కొత్తగా తోచింది. గీసిన మనిషే తన బొమ్మ అర్థాన్ని ఇంకొకరి దగ్గర తీసుకుంటుందని ఊహించలేదు. "మరి అసలు అర్థం ఏందమ్మా?" అని గుచ్చి అడిగాను.

"నా దగ్గర అర్థం లేదు. ఏది తప్పో మాత్రం చెప్పగల" అంది.

ఆ మాట ఎంత నిజమో రంగులు కలిపేటప్పుడు తెలిసింది. పై తెలుపుకు మేము మామూలు తెల్ల ఎమల్షన్ తెచ్చాం. చేయెత్తు ముక్క వేసి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "ఇది ఆస్పత్రి తెలుపు" అంది. అక్కతో, ఆకుపచ్చలో ముంచిన కుంచెను కడిగిన నీళ్ళు అందులో కొద్దిగా పోయమంది. పోస్తే డబ్బాలో తేడా ఏమీ కనబడలేదు. గోడ మీద వేసి ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూస్తే మాత్రం, కింది ఆకుపచ్చతో దానికి చుట్టరికం కుదిరినట్టుగా ఉంది. అంతవరకు రెండూ పోట్లాడుకుంటున్నాయని కూడా నాకు తెలియలేదు. పసుపూ అంతే. షేడ్ కార్డులో ముదురుగా ఉన్నది గోడ మీద, ఆ తెలుపు పక్కన, ఎండలో పెట్టిన దీపంలా పలచబడింది. అన్నేళ్ళు రంగులకు నంబర్లు రాశాను గాని, రంగు బాగోగులు సగం పక్కింటి రంగు చేతిలో ఉంటాయని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమెకు జ్వరం వచ్చి పది రోజులు రాలేకపోయింది. ఆ పది రోజుల్లో మావాళ్ళు గోడ పూర్తి చేశారు. ప్రారంభం ఆదివారం. శుక్రవారం పొద్దున ఆమె ఆటోలో దిగింది.

మేస్త్రి ఎదురు వెళ్ళి చెయ్యిచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. "చూడమ్మా. బొమ్మల ఎరుపుకు ఆకుపచ్చకు నడుమ అంచు బాగ వణికింది. పాపం మీ చెయ్యి బాగలేదు గదా. మేమే దారం గొట్టి సాపు చేసినం. చివర్నుంచి చివరకు వెంట్రుకంత తేడా వస్తే నన్నడుగు."

నిజమే. నలభై అడుగుల అంచు కత్తితో కోసినట్టుంది. ఈ తప్పు మాలాంటివాళ్ళే చేయగలరు. ఒక్కరికీ చెడు ఉద్దేశం లేదు. పెద్దావిడ వణుకును నలుగురికీ చూపించడం ఎందుకని, ఆమె పరువు కాపాడదామని చేశారు. నేను లెక్క వేసినప్పుడు కూడా ఆ అంచును సీదా గీతగానే కొలిచాను.

ఆమె కాసేపు నిలబడి చూసింది. బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంది.

"చాలా మంచిగ చేసిన్రు. దండం పెట్టాలె మీ పనితనానికి" అంది. తర్వాత మెల్లగా, "కాని ఇది నాది కాదు. నా పేరు వెయ్యకున్రి" అంది.

మేస్త్రికి అర్థం కాలేదు. "వణుకు మీకు కావాల్నా అమ్మా?"

"మొదట్ల వద్దనే అనుకున్న. చెయ్యి వణికి రంగు పక్కకు పోతే తుడుద్దామని గుడ్డ తీసిన. చూస్తే, అక్కడ ఎరుపు ఆకుపచ్చలకు పోతాంది, ఆకుపచ్చ ఎరుపులకు వస్తాంది. అంతకు ముందు రెండు రంగులు ఒకదాని మీదొకటి ఊకె కూసున్నయి. వణికినంకనే మాట్లాడుకున్నయి. అందుకని ఆ గీత మొత్తం వణికే చేతితోనే గీసిన. బొమ్మంత గా అంచులనే ఉన్నది."

తాళ్ళ తమ్ముడు వెనకనుంచి, "నేను చెప్తనే ఉన్న మేస్త్రికి. నీళ్ళ అంచు ఎన్నడన్న సీదా ఉంటదా?" అన్నాడు.

"చెప్పినవు తీయ్. నీకు గోడంటే చెరువు, రోడ్డంటే కాలువ" అని మేస్త్రి కసిరాడు.

కంపెనీ సారు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. ఆదివారం వచ్చే వాళ్ళను తలుచుకుని పరేషాన్‌లో ఉన్నాడు. "అమ్మా, గీత సీదాగ ఉంటే నీట్‌గ ఉంది. పేరు వద్దంటే, పేరులేని బొమ్మ నేనేం చేసుకోవాలె? రేపు సాయంత్రం లోపల ఏదో ఒకటి తేల్చున్రి. కాదంటే పైనుంచి కిందిదాక కంపెనీ రంగు కొట్టిచ్చి మా గుర్తు ఏపిస్త" అన్నాడు. ఆమె అతనితో వాదించలేదు. కుడి చేతిని ఎడమ చేతితో పట్టుకుని గోడ వైపే చూస్తూ ఉంది. ఇంకొక గోడ ఆమెకు దొరకదని, దొరికినా అప్పటికి చెయ్యి ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు.

"అంచు మళ్ళీ వణికిస్తే మీ పేరు వేస్తరా?" అని టీచరమ్మను అడిగాను.

"వణికితే వేస్త. వణికినట్టు నటిస్తే వెయ్యను."

అంచు చుట్టూ అడుగున్నర మేర మళ్ళీ బూడిదాకుపచ్చ వేసి మొదలుపెట్టాం. ముందు మేస్త్రి దిగాడు. ఎంత వంకర గీద్దామన్నా అతని చెయ్యి ఒప్పుకోదు. వచ్చిన వంకరలన్నీ ఒకే కొలత. అక్క చూసి, "మేస్త్రీ, చీర అంచు నేస్తున్నవా?" అంది. తుడిపేశాం.

తర్వాత నా వంతు. బొమ్మ మీద అంచును అరంగుళానికి ఒకచోట కొలిచి, ఇరవైతో హెచ్చించి, గోడ మీద చుక్కలు పెట్టి కలిపాను. కొలత తప్పలేదు. టీచరమ్మ దూరంనుంచి చూసి, "ఆస్పత్రిల మంచానికి తగిలించే జ్వరం కాగితం లెక్కుంది" అంది. నాకే నవ్వొచ్చింది. అదీ తుడిపేశాం. పొద్దు వాలింది. ఆమెను ఆటో ఎక్కించాం.

"రేపు ఆమెనే గీస్తే?" అంది అక్క.

"గీస్తది. కాని ఈ గోడ మీద ఆమె వణుకు ఎంతుంటది? గోరంత. రోడ్డు మీదికెళ్ళి చూస్తే సీదానే అనిపిస్తది" అన్నాను. గుడ్డ మీద వడ్లగింజంత ఊగిన అంచు, గోడ మీద జానెడు ఊగాలి.

మేస్త్రి కుంచెలు కడుగుతూ, నా మాట వినకుండానే, పక్కన ఎవరో పొడుగు వెదురును సర్దుతుంటే అలవాటు కొద్దీ గొణిగాడు. "దాన్ని అంచు దిక్కు తేకున్రి. కర్ర పొడుగైతే వణుకు పొడుగైతది."

నేను లేచి నిలబడ్డాను. ఆ మాట అప్పటికి ఎన్ని వందల సార్లు విన్నానో. ఆమె బొమ్మ గీసేటప్పుడు కుంచెను మొననుంచి అరడుగు దూరంలో పట్టుకునేది. అరడుగుకు ఇరవై రెట్లు పదడుగులు. గుడ్డకు గోడ ఇరవై రెట్లు. పదడుగుల వెదురు చివర కుంచె కడితే, ఆమె చేతి వణుకు తనంతట తానే గోడ కొలతకు పెరుగుతుంది. ఎవరూ నటించక్కర్లేదు. ఎర్ర పట్టీ అంచు ఏడున్నర అడుగుల ఎత్తే. ఆమె నేలమీద నిలబడే గీయవచ్చు.

మేస్త్రికి చెప్పాను. అతను కుంచె విదిలించి, "నా నలభై ఏండ్ల మాటను తిరగేస్తున్నవా లెక్కల పటేలా?" అన్నాడు. అయినా వెదుర్లలో తేలికైనది తనే ఏరి, పదడుగులకు కోసి, కణుపులు చెక్కి నున్నగా చేశాడు. ఆమె చేతికి పేళ్ళు గుచ్చుకోకుండా పట్టుకునే చోట గుడ్డ చుట్టాడు.

శనివారం పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. సంగతి చెబితే వెదురును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్ని రోజులు వణుకును ఆపేటందుకు మందులు మింగిన. మీరు పెంచేటందుకు కట్టె తెచ్చిన్రు" అంది. చెయ్యి చాచి పట్టుకుంది.

అక్క కుంచెను ఎరుపులో ముంచి ఇచ్చేది. ఆమె కర్ర ఎత్తి, కొస గోడకు ఆనించి, ఎడమనుంచి కుడికి అడుగులో అడుగు వేసేది. చేతిలో సన్నగా పుట్టిన వణుకు వెదురు పొడుగునా పాకి, గోడ దగ్గర పెద్దదయ్యేది. ఎరుపు ఒకచోట పైకి ఎగబాకేది, ఒకచోట జారి ఆగేది. ఏ రెండు ఊపులూ ఒకలా లేవు. ఆమె వెనకాలే మేస్త్రి, పడబోతే పట్టుకునేంత దూరంలో, తనూ అదే నడక నడిచాడు. మధ్య మధ్య ఆమె డబ్బా మీద కూర్చుని నీళ్ళు తాగేది. సగం దాటాక ఒక లారీ హారన్ కొడితే ఉలిక్కిపడింది. ఎరుపు ఒక్కసారిగా పైకి లేచింది.

"తుడవాల్నా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఉండనియ్యి. లారీ గూడ ఇక్కడిదే గదా."

కుడి చివరికి వచ్చేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది, చెయ్యి అలసిపోయింది. అక్కడ ఊపులు పెద్దవి. ఆ గోడను ఎడమనుంచి కుడికి చదివితే ఒక మనిషి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎట్లా అలసిందో తెలుస్తుంది. చివరి జానెడు మాత్రం దాదాపు సీదాగా ఉంటుంది. అయిపోవచ్చిందని ఆమె అక్కడ ఊపిరి బిగబట్టింది.

కింద ఎరుపు నింపాక అందరం రోడ్డు దాటి వెళ్ళి చూశాం. ఎరుపుకూ ఆ బూడిదాకుపచ్చకూ మధ్య ఏదో కదులుతోంది. నా కాగితంలో నేల, నీళ్ళు, ఆకాశం అని విడివిడిగా రాసుకున్నాను. ఇక్కడ నేల ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేకపోయాను. తాళ్ళ తమ్ముడు చెరువంటే చెరువే. అక్క వాళ్ళ అవ్వ అలికిన జాజు అంటే జాజే. రెండూ ఒకే గోడలో పట్టాయి, లెక్క ఎక్కడా తప్పలేదు.

ఆదివారం పొద్దున కంపెనీ సారు వచ్చి చూశాడు. "బోర్డు మీద దీని అర్థం ఏమని రాయాలెమ్మా?" అని అడిగాడు.

"ఏం రాయకున్రి. చూసినోళ్ళు రాసుకుంటరు."

"పోనీ సంతకమన్న పెట్టున్రి. గోడంత వెతికిన, ఎక్కడ కనిపిస్తలేదు."

టీచరమ్మ తన చేతి వైపు చూసుకుంది. ఆమె ఏదో అనేలోపే మా మేస్త్రి ముందుకొచ్చాడు. "నలభై అడుగుల పొడుగు పెట్టింది గద సార్. ఇంకెంత పెద్దగ పెట్టాలె?"

ఇదీ ఆ అంచు సంగతి. ఇప్పుడు ఆమె చెయ్యి కుంచె కాదుగదా, చాయ గ్లాసు కూడా పట్టదు. మళ్ళీ గీసే వీలు లేదు. అందుకని ఫోన్ చేసిన తమ్ముడికీ అతని వెంట ఉన్నవాళ్ళకీ చెప్పేది ఒకటే. పైన రోలర్లతో మీ ఇష్టం వచ్చినట్టు వేయండి. అంచు దగ్గర మాత్రం దారం కొట్టకండి, టేపు అంటించకండి, పుట్టీతో నింపకండి. ఒక మనిషిని, ఒక పూర్తి రోజును ఆ అంచుకే కేటాయించండి. చిన్న కుంచెతో, ఆమె చెయ్యి ఎటు పోతే అటే, దాని వెనకాలే నడవండి. లారీ హారన్ దగ్గర తొందరపడకండి.

ఆ దారిన పోయినప్పుడల్లా నేను ఆమెకు ఫోన్ చేస్తాను. ప్రతిసారీ ఆమె అడిగేది ఒకటే.

"సీదా అయ్యిందా?"

"లేదమ్మా. వణుకుతనే ఉన్నది."

"మంచిది" అని పెట్టేస్తుంది. వచ్చే నెల కూడా అదే జవాబు చెప్పాలని ఉంది నాకు. ఆ పని ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.